గట్టి గమ్ము అడిగినాను

స్ప్రే గమ్ము డబ్బా చేతికిచ్చి "కొట్టు" అంటారు. పనిలో చేరిన మొదటి రోజే. ఎంత దూరం నుంచి కొట్టాలి, కొట్టినాక ఎంతసేపు ఆగాలి, దేని మీద ఏ డబ్బా వాడాలి, ఇవేవీ చెప్పరు. డబ్బా నొక్కడం వస్తే పని వచ్చీసినట్టే అనుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

నా పేరు నర్సమ్మ. ఖరగ్‌పూర్లో, నిమ్‌పురా వేపు ఒక సీట్ల కార్ఖానాలో ఫోము అంటించి, కవర్లు కుట్టి బతికినాను. సోఫాలు, ఆటో సీట్లు, టోటో అనే బ్యాటరీ రిక్షాల సీట్లు, పరుపులు, ఏది వస్తే అది. మా ఆయన అదే కార్ఖానాలో కటింగ్ మేస్త్రి. ఆయన జ్వరంతో పోయినాక ఆయన కత్తెర నాకిచ్చినారు. ఇప్పుడు నాకు కళ్ళు ఆనడం లేదు, మోకాళ్ళు వంగడం లేదు, ఇంటి దగ్గరే ఉంటన్నాను. చదువు లేదు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాను, సంతకం పెడతాను, అంతవరకే. నేను చెప్తంటే మా మరదలు రాస్తన్నాది. మధ్యలో పెన్ను ఆపి "ఇది కూడా రాయాలా వదినా?" అని అడుగుతన్నాది. రాయమంటన్నాను. బాగా కుదిరిన పనుల సంగతి ఎవరైనా చెప్తారు. ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలకి నా తప్పు చెప్తే ఎక్కువ పనికొస్తాది.

చొల్బే

మా యజమాని నిర్మల్‌దా. బెంగాలీ ఆయన. నాకన్నా చిన్నోడే గానీ అందరూ దాదా, అంటే అన్నా, అనీవారు, నేనూ అలాగే అన్నాను. నన్ను బౌదీ అని పిలిచీవాడు, వదినా అని. చెయ్యి మంచిది. ఫోముని వేలితో ఒకసారి నొక్కి, ఇది ఎన్నాళ్ళకి కుంగిపోతాదో చెప్పీవాడు. మనిషి కూడా మంచోడే. ఆయన్ని పాడుచేసింది ఒక్క మాట. "చొల్బే." నడుస్తాదిలే, అని. అంచు వంకరగా వచ్చిందా? చొల్బే. కుట్టు వదులుగా ఉన్నాదా? చొల్బే.

ఒక మే నెలలో ఒక కారు లోపల పైకప్పుకి ఫోముగుడ్డ అంటించినాం. చలికాలంలో సోఫాలకి వాడిన డబ్బాలే మిగిలి ఉన్నాయి. "దాదా, ఇది ఎండకి ఆగుతాదా? బండి రోజంతా బయటే నిలబడతాది" అని అడిగినాను. ఏటన్నాడో మీకు తెలుసు. నాలుగు రోజులకి ఆ డ్రైవరు బండి తెచ్చి గుమ్మంలో ఆపినాడు. పైకప్పు గుడ్డంతా ఊడి ఆయన నెత్తి మీద వేలాడతన్నాది. దిగకండా, ఆ గుడ్డ కింద నుంచే అరిచినాడు: "ఏటమ్మా, ఈ ముసుగేసుకుని నేను బండి తోలాలా, కాపురానికెళ్ళాలా?" అందరం నవ్వినాం. ఆయన నవ్వలేదు. దారిలో గుడ్డ కళ్ళ మీద పడి లారీకి గుద్దబోయినాడంట. ఆ మాట విన్నాక మాకూ నవ్వు పోయింది.

ఇంకోటి నా సొంత తెలివి. పూజా పందిరికి థర్మాకోల్ పలకల మీద ఫోము అంటించాల్సి వచ్చింది. ఫోముని పట్టుకున్న గమ్ము దీన్నీ పట్టుకుంటాదని కొట్టీసినాను. చూస్తండగానే థర్మాకోల్ గుంటలు పడిపోయి, కరిగి, నా చేతిలో సగం పలక మిగిలింది. కొన్ని గమ్ముల్లో ఉండే మందు థర్మాకోల్‌ని తినీస్తాది. ముక్క మీద ముందు కొట్టి చూసుకుంటే ఆ సంగతి ఒక్క నిమిషంలో తెలిసీది.

తలుపులు తీసి కొట్టండి. ముక్కుకి గుడ్డ కట్టినంత మాత్రాన చాలదు, గాలి ఆడాలి. చుట్టుపక్కల పొయ్యి గానీ, అగ్గిపుల్ల గానీ, బీడీ గానీ ఉండకూడదు. ఇది సలహా కాదు, కచ్చితంగా చెయ్యాల్సిన పని. దీని గురించి ఇంక మాట్లాడను.

దానియేలు సీటు

తాల్‌బగీచా పేటలో మార్తమ్మ అని ఉన్నాది. మన తెలుగోళ్ళే, క్రైస్తవులు. ఒక నర్సింగ్ హోంలో ఆయా. ఆమె భర్త దానియేలు సొంత డాబా మీద నీళ్ళ టాంకీ కడుగుతా కాలు జారి కింద పడినాడు. నడుం విరిగింది. నడుం కింద నుంచి కాళ్ళు లేవవు, స్పర్శ కూడా తెలీదు. కానీ చేతులు ఇనుం. చక్రాల కుర్చీలో కిటికీ దగ్గర కూర్చుని ఫ్యాన్లకి వైండింగ్ చుట్టీవాడు. ఆ పేటలో కాలిపోయిన ఫ్యాను ఏదైనా ఆయన దగ్గరికే వచ్చీది.

ఒక రోజు మార్తమ్మ కార్ఖానాకి వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ గీసిచ్చిన కాగితం తెచ్చింది. కుర్చీలో వేసుకునే సీటు. మూడు పొరల ఫోము. కింద గట్టిది, మధ్యలో ఓ మాదిరిది, పైన మెత్తది. మధ్య పొరలో వెనక వేపు, కూర్చునే ఎముకలు ఆనే చోట, గుంట తియ్యాలి. బజార్లో కొన్న గాలి సీటు రెండుసార్లు పంచరయిందంట.

"వదినా, ఇది సోఫా కాదు" అన్నాది నాతో. "మనం ఊరికినే కూర్చున్నా నిమిషానికోసారి కదుల్తాం, ఎందుకు కదుల్తన్నామో కూడా మనకి తెలీదు. ఆయన కదలడు. కింద మేకున్నా తెలీదు."

అంతకు ముందు ఆయనకి అక్కడ ఒకసారి పుండు పడింది. నా గుప్పెడు పట్టేంత. ఎనిమిది నెలలు బోర్లా పడుకున్నాడు. పని లేదు, కిటికీ లేదు, కళ్ళ ముందర గచ్చు ఒక్కటే. ఆ పుండు మానింది గానీ మానిన చోట తోలు పల్చగా, కాయితంలాగ ఉన్నాది. మళ్ళీ అక్కడే పడితే ఈసారి ఎముకకి దిగుతాదని, ప్రాణానికే వస్తాదని డాక్టరమ్మ చెప్పింది. మార్తమ్మ ఈ మాటలన్నీ కళ్ళు తుడుచుకోకండా, జాబితా చదివినట్టు చెప్పింది. ఆయాలు అలాగే చెప్తారు.

"నేను చేస్తాను వదినా. నా చేత్తో చేస్తాను" అన్నాను.

నా తప్పు

దానియేలు మంచం మీద నుంచి కుర్చీలోకి ఒక చెక్కపలక మీద పక్కకి జారి వస్తాడు. రోజుకి నాలుగైదుసార్లు. అలాగ జారినప్పుడు పై పొర పక్కకి లాగుతాది. పొర ఊడి ముడతపడితే ఆ ముడత మీదే కూర్చుంటాడు, తెలీదు. నా భయం అది. అందుకని పొరలు గట్టిగా పట్టుకోవాలి అనుకున్నాను. భయం సరైందే. దానికి నేను పెట్టుకున్న మాట తప్పు.

ఈ "గట్టి" ఉన్నాదే, మన తెలుగులో రెండు పనులు చేస్తాది. గట్టిగా పట్టుకున్నా గట్టే, రాయిలాగ ఉన్నా గట్టే. బెంగాలీలో కూడా అంతే, "షొక్తో" అంటే రెండూ. నేను గోల్‌బజార్ వెళ్ళి గమ్ముల కొట్టాయన్ని బెంగాలీలోనే అడిగినాను. "అన్నిటికన్నా షొక్తో ఆఠా దావ్" అని, అన్నిటికన్నా గట్టి గమ్ము ఇవ్వు అని.

ఆయన అడిగినాడు. అది నేను దాచకూడదు. "దేనికి దీదీ? ఏటి అంటిస్తావు?" అని అడిగినాడు. నాకు పౌరుషం వచ్చింది. మా ఆయన కాలం నుంచి ఈ పనిలో ఉన్నాను, నన్నడుగుతాడా అనిపించింది. "అంటించడానికే. నీకెందుకు, గట్టిది ఇయ్యి" అన్నాను.

ఆయన ఇచ్చినాడు. డబ్బా మీద అంతా ఇంగ్లీషు. చదవమని ఎవరినీ అడగలేదు, సిగ్గు. బొమ్మ మాత్రం చూసినాను. చెక్కపలక మీద రేకులాంటిది అంటిస్తన్న బొమ్మ. చెక్కనే పట్టుకుంటే ఫోము దీనికొక లెక్కా అనుకున్నాను. చూడండి, తప్పు నా కళ్ళెదుటే బొమ్మ గీసుకుని ఉన్నాది. నేను దాన్ని మెచ్చుకుని కార్ఖానాకి తెచ్చుకున్నాను.

బాగా కొట్టినాను. ఒక చుట్టు చాలినచోట మూడు చుట్లు. గుంట అంచు చుట్టూ ఇంకా ఎక్కువ, అక్కడ ఊడిపోకూడదని. సీటు బాగా కుదిరింది. అంటించినప్పుడు మెత్తగానే ఉన్నాది, ఎందుకంటే గమ్ము ఇంకా పచ్చిది. మర్నాడు మధ్యాహ్నం పట్టుకెళ్ళి ఇచ్చినాను. దానియేలు దాని మీదకి జారి, అటూ ఇటూ ఊగి, "నర్సమ్మా, ఫస్టుక్లాసు బోగీలాగున్నాది. టీటీ వస్తే టికెట్టు సూపించాలేటి?" అన్నాడు. మార్తమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ రోజు నేను నడిచి ఇంటికొచ్చినాను, కాళ్ళు నేల మీద లేవు.

మోకాలు

ఆ తర్వాత రోజు కార్ఖానాలో పెళ్ళివారి సోఫాలు. సాయంత్రానికి పంపించాలి. నేను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని సోఫా కింద గుడ్డ కుడతన్నాను. మోకాలు నొప్పెడతన్నాదని పక్కనున్న ఫోము ముక్క తీసి కింద వేసుకున్నాను. దానియేలు సీటు కోసినప్పుడు మిగిలిన ముక్క, అదే గమ్ముతో అంటించి చూసిన ముక్క.

రెండు కుట్లు వేసినానో లేదో మోకాలికి ఏదో ఒత్తింది. జరిపినాను. మళ్ళీ ఒత్తింది. రాయి ఉన్నాదేమో అని ముక్క ఎత్తి కింద చూసినాను, ఏటీ లేదు. ముక్కని రెండు చేతులతో వంచితే లోపల పటపటమని శబ్దం. పొరలు చీల్చినాను. మధ్యలో గమ్ము అప్పడంలాగ ఎండిపోయి ఉన్నాది. అంచు దగ్గర, నేను ఎక్కువ కొట్టిన చోట, గోరుతో నొక్కితే గోరు దిగలేదు. తాడులాగ, బెత్తంలాగ ఉన్నాది.

నా మోకాలికి రెండు కుట్లలో తెలిసింది. ఆయనకి తెలీదు. నిన్న మధ్యాహ్నం నుంచి, పడుకున్నప్పుడు తప్ప, దాని మీదే ఉన్నాడు. ఆ బెత్తం సరిగ్గా ఆ పల్చటి తోలు కింద ఉన్నాది.

ఫోను చేసినాను. మోగుతాది, తియ్యడు. వైండింగ్ మిషను తిరుగుతంటే ఆయనకి ఫోను వినపడదు. మార్తమ్మ డ్యూటీలో ఫోను బీరువాలో పెట్టీస్తాది. సూది సోఫాకే గుచ్చి లేచినాను.

"కోథాయ్ జాచ్ఛో బౌదీ?" అన్నాడు నిర్మల్‌దా. ఎక్కడికి, అని.

చీల్చిన ముక్క చేతిలో పెట్టినాను. వేలితో నొక్కినాడు. ఆయనకి అర్థమైంది, మొహం చూస్తే తెలిసింది. అయినా సోఫాల వేపు చూసి అన్నాడు: "పై పొర మెత్తదే కదా. ఒక్క పూటకి చొల్బే. రేపు మారుద్దాం."

"నడవదు దాదా. ఆయన నడవడు, ఇదీ నడవదు" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట. ఆయన ఇంకేదో అంటన్నాడు, వినలేదు.

టోటో ఎక్కినాను. మనుషులు నిండాలని వాడు మూల దగ్గర ఆపినాడు. "కదుపు బాబూ" అంటే "ఇంకిద్దరు రానీ మాసీ" అంటాడు. మిగతా సీట్ల డబ్బులూ నేనే ఇస్తాను, పొమ్మన్నాను. దారంతా నా కింద ఉన్న సీటు నాకు తెలుస్తానే ఉన్నాది. ప్రతి గతుకూ, ప్రతి మేకూ. ఒళ్ళు తెలియడం ఎంత అదృష్టమో ఆ రోజు కూర్చునే నేర్చుకున్నాను.

లుంగీ మీంచి

దానియేలు కిటికీ దగ్గరే ఉన్నాడు, తీగ చుడతన్నాడు. నన్ను చూసి మిషను ఆపినాడు.

"ఏటి నర్సమ్మా, ఆయాసపడతన్నావు? టికెట్టు సెకింగా?"

"అన్నయ్యా, సీటు మీంచి దిగు. మంచం మీదకి జారు. ఇప్పుడే."

"నిన్ననే ఇచ్చినావు, ఈ రోజు లాక్కుంటావేటి?"

"దిగమంటన్నానా!"

అరిచినాను. ఆయన నా మొహం చూసి ఇంక ఎగతాళి చెయ్యలేదు. పలక వేసుకుని చేతుల మీద జారి మంచమెక్కి బోర్లా తిరిగినాడు. నేను చెప్పినాను, గమ్ము ఎండిపోయింది, లోపల గట్టిపడింది అని. ఆయనలాంటివాళ్ళు కాసేపటికోసారి చేతుల మీద ఒళ్ళు పైకెత్తుకోవాలి, కింద రక్తం ఆడడానికి. "నిన్నటి నుంచి సరిగ్గా ఎత్తుకోలేదు నర్సమ్మా" అన్నాడు. "మంచి సీటొచ్చింది కదా అని."

ఆ మాట నన్ను పొడిచింది. నా సీటుని నమ్మినాడు.

"చూడాలి అన్నయ్యా, మచ్చ ఉన్నాదేమో."

"ఆడదానివి, నువ్వు సూడ్డమేటి? మార్త రానీ."

మార్తమ్మ రావడానికి సాయంత్రం అవుతాది. నేను విధవని, ఆయన పరాయి మగాడు, వీధి తలుపు తీసి ఉన్నాది. నిలబడినాను. నిలబడితే ఏటొస్తాది? "లుంగీ తియ్యొద్దు. మీంచే చెయ్యి ఆనిస్తాను" అన్నాను. ఆయన మొహం గోడ వేపు తిప్పుకున్నాడు. చెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ళ వెనకతో, మార్తమ్మ ఒకసారి చూపించినట్టు ఆనించినాను. మన నల్ల ఒంటి మీద ఎరుపు కంటికి తెలీదు, వేడిని బట్టే తెలుస్తాదని ఆమె చెప్పింది. కుడి వేపు చల్లగా ఉన్నాది. ఎడమ వేపు పాత పుండు చోట, గుడ్డ మీంచి కూడా, రొట్టె పెనంలాగ వేడి.

"ఏటి?" అన్నాడు గోడ వేపు నుంచే.

అబద్ధం చెప్పాలనిపించింది. "పెనంలాగ వేడిగా ఉన్నాది అన్నయ్యా" అన్నాను.

మార్తమ్మ వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాను. ఆమె వచ్చి, నన్ను చూసి, సంచీ కింద పెట్టకండానే లోపలికెళ్ళింది. లుంగీ ఎత్తి చూసింది. బొటనవేలితో నొక్కింది, వదిలింది. మామూలు ఒళ్ళయితే నొక్కిన చోట రంగు ఒకసారి పోయి మళ్ళీ వస్తాది. ఇక్కడ పోలేదు. నల్లగా, గట్టిగా, అలాగే ఉండిపోయింది. తోలు మాత్రం ఇంకా చిట్లలేదు.

బయటికొచ్చింది. "ఏ గమ్ము వాడినావు?"

"గట్టిది వదినా."

"ఎవరికి గట్టి?"

మార్తమ్మ మళ్ళీ లోపలికెళ్ళింది. సీటు తీసుకొచ్చి వరండాలో పడీసింది. నన్ను పొమ్మనలేదు. తలుపేసింది, అంతే.

వేడి తగ్గేదాకా

రోజూ పని దిగినాక వెళ్ళినాను. మార్తమ్మ మాటాడీది కాదు, లోపలికి రానిచ్చీది కాదు. గుమ్మం బయట నిలబడితే లోపల నుంచి దానియేలు అరిచీవాడు: "ఇంకా పెనవే నర్సమ్మా!" మర్నాడు మళ్ళీ: "పెనవే! రొట్టెలు తెచ్చుకో!" ఆయన ఎగతాళి చేస్తే నాకు ఏడుపొచ్చీది. కిటికీలో ఫ్యాన్లు వరసగా పేరుకుపోతన్నాయి, బాగుచేసే మనిషి బోర్లా పడుకుని ఉన్నాడు. అందరూ అడుగుతారు, నీకు అప్పుడు నిద్ర పట్టిందా అని. అదొక ప్రశ్నా?

నాలుగో రోజు ఆయన అరవలేదు. చిట్లిందేమో అనుకున్నాను. చాలాసేపటికి మార్తమ్మ కిటికీ రెక్క తీసి, నా మొహం చూడకండా అన్నాది: "చల్లబడింది. మెత్తబడతన్నాది." రెక్క వేసీసింది.

నేను అక్కడి నుంచి ఇంటికి వెళ్ళలేదు. గోల్‌బజార్ వెళ్ళినాను.

కొట్లో కూర్చున్నాను

గమ్ముల కొట్టాయన ముందర ఫోము ముక్కలు పరిచినాను. ఈసారి గట్టిది అనలేదు. చెప్పినాను: "ఒక మనిషి రోజంతా కూర్చుంటాడు. ఆయనకి కింద ఏటి తగిలినా తెలీదు. పొర పక్కకి జారకూడదు, కానీ ఎండినాక లోపల గమ్ము ఉన్నట్టే తెలియకూడదు. కుర్చీ ఎండలో ఉంటాది. నాకు చదువు రాదు, డబ్బా మీద ఏటి రాసున్నాదో చదివి చెప్పు."

ఆయన నన్ను ఒక రకంగా చూసినాడు. "ఇలాగ ఆ రోజే చెప్పుంటే!" అన్నాడు. ఉమ్మీసినా తుడుచుకునీదాన్ని. ఒక్కో డబ్బా తీసి వేలు పెట్టి చదివినాడు. ఇది చెక్కకీ రేకుకీ, గట్టిగా ఎండుతాది. ఇది కాయితానికీ గుడ్డకీ, ఎక్కువ రోజులు పట్టదు. ఇది ఫోముకీ ఫోముకీ, మెత్తగా ఎండుతాది, ఎండకి ఆగుతాది. చదువు రాదని ఒప్పుకోడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, వినడానికి ఐదు నిమిషాలు పట్టింది.

చదివినదాన్నీ నమ్మలేదు. మూడు డబ్బాలూ అక్కడే ముక్కల మీద కొట్టించినాను. ఒకటి పొగమంచులాగ పడింది, ఫోము దాన్ని నీళ్ళలాగ తాగీసింది, పైన ఏటీ మిగల్లేదు. ఒకటి చుక్కలుచుక్కలుగా పడింది, ఎండితే చుక్కలే గులకరాళ్ళు. మూడోది సాలెగూడులాగ, దారాలుదారాలుగా, పైపైనే నిలబడింది. ఫోముకి కావాల్సింది అది. రెండు ముక్కల మీదా పల్చగా ఒక్కో చుట్టు. వెంటనే అంటించకూడదు. వేలి వెనకతో ముట్టుకుంటే జిడ్డు తెలియాలి గానీ గమ్ము వేలికి రాకూడదు, అప్పుడు అంటించాలి. ఒకసారి ఆనితే మళ్ళీ లాగి సర్దడానికి ఉండదు, చూసి పెట్టాలి. ఇంకో సంగతి: ఒళ్ళు ఆనే చోట అసలు గమ్మే వద్దు. గుంట అంచు నుంచి నాలుగు వేళ్ళు వదిలి, పక్కల్లో మాత్రం కొట్టాలి. జారకండా పట్టుకోడానికి అది చాలు. ఇది ఎవరూ నేర్పలేదు, ఆ కుర్చీయే నేర్పింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఎండిన ముక్కల మీద ఆ కొట్లోనే స్టూలు వేసుకుని ఒక్కోదాని మీద కూర్చున్నాను. కొట్టాయన నవ్వినాడు. "ఆఠా కిన్‌తే ఏషేఛో దీదీ, నా బొష్‌తే?" గమ్ము కొనడానికొచ్చినావా, కూర్చోడానికొచ్చినావా, అని. "కూర్చోడానికే" అన్నాను. తర్వాత, ఒత్తని ఆ మూడో ముక్కని రెండు రోజులు మా రేకుల కప్పు మీద ఎండలో ఉంచి, వంచి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. పటపట లేదు. రెండు వేపులా పట్టుకుని లాగితే ఫోము చిరిగింది గానీ అంటు విడిపోలేదు.

కొత్త సీటు చేస్తంటే నిర్మల్‌దా వచ్చి పక్కన నిలబడినాడు. ఆ రోజు సోఫాలు ఆయనే కుట్టి పంపించినాడంట. మెత్త ఫోము తనే కోసిచ్చినాడు. అంచు ఒకచోట నూలుపోగంత వంకరొస్తే పారేసి, ఇంకోటి కోసినాడు. దీనికి "చొల్బే" అనలేదు. మంచి యజమాని కాదని నేను చెప్పను. ఆయనకి కార్ఖానా గుమ్మం దాకానే కనపడీది. ఆ గుమ్మం దాటినాక మన పని ఎవరి కింద ఉంటాదో మనమే వెళ్ళి చూసుకోవాలి.

మార్తమ్మ పెట్టిన పరీక్ష

సీటు పట్టుకెళ్తే మార్తమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ముందు నువ్వు కూర్చో."

"కూర్చుని చూసినాను వదినా."

"నా ముందర కూర్చో. ఆయన కూర్చున్నంతసేపు."

ఆ రోజు ఆమెకి డ్యూటీ లేదు. దానియేలు చక్రాల కుర్చీలో కొత్త సీటేసి, పొద్దున్నే నన్ను కూర్చోబెట్టింది. కదలొద్దన్నాది. నేను కాలు జరిపితే "ఆయన జరపడు" అనీది. దానియేలు మంచం మీద బోర్లా పడుకుని గడ్డం కింద చేతులు పెట్టుకుని నన్నే చూస్తన్నాడు. మధ్యాహ్నానికి నడుం పట్టీసింది, తొడలు తిమ్మిరెక్కినాయి.

"ఏటి నర్సమ్మా, కింద ఏటైనా తెలస్తందా?" అన్నాడు.

"ఏటీ తెలీడం లేదు అన్నయ్యా."

"నాకూ అంతే, పదేళ్ళ నుంచి."

మార్తమ్మ పెదాలు బిగబట్టి వంటింట్లోకి పోయింది. నవ్వో ఏడుపో నాకు తెలీదు.

సాయంత్రం నన్ను లేపి, లోపలికి తీసుకెళ్ళి, చీర పక్కకి తీసి చూసింది. బొటనవేలితో నొక్కింది. ఆయా చెయ్యి, మొహమాటం లేదు. "సరే" అన్నాది. మర్నాడు దానియేలు పలక మీద జారి ఆ సీటు మీద కూర్చున్నాడు. ఒక్క గంటే, ఆమె గడియారం పెట్టుకుని చూసింది. నేను కిటికీ పక్కన పేరుకుపోయిన ఫ్యాన్ల మధ్యలో నిలబడినాను. ఆయన తీగ చేతిలోకి తీసుకున్నాడు గానీ చుట్టలేదు.

గంటయినాక మళ్ళీ మంచం మీదకి మార్చి, బోర్లా తిప్పింది. నేను గుమ్మం వేపు మొహం తిప్పుకున్నాను. వెనక శబ్దం లేదు. చెయ్యి వెనక్కి తిప్పి ఆనిస్తాది, నొక్కుతాది, వదుల్తాది, చూస్తాది. నాకు కనపడకపోయినా ఒక్కొక్కటీ తెలుస్తన్నాది. చాలాసేపు.

లుంగీ సర్దిన చప్పుడు వినపడింది. మార్తమ్మ నా పక్కకొచ్చి నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"వదినా, దీనికి ఇంకో కవరు కుట్టు" అన్నాది. "ఒకటి ఉతికితే ఒకటి ఉండాలి కదా."